కిలో నూట నలభై

బల్ల మీద రెండున్నాయి.
పచ్చ గుడ్డ పరిచి,
గుళ్లు తీసేసి, నోళ్లు తెరిచి పెట్టారు యేసుపాదం గారు.

ఒకటి అల్యూమినియం ఒళ్లు.
పట్టుకుంటే పట్టుకున్నట్టే లేదు,
తిని కడిగేసిన టిఫిన్ డబ్బా.
రెండోది ఉక్కు.
రైల్వేలో రిటైరైన సామ్యేలు గారిది,
కళ్లలో శుక్లాలొచ్చాక అమ్మేస్తున్నారు.
ఎత్తగానే మణికట్టు అడిగింది:
ఎంతసేపు?

"తొందరేం లేదు నాంచారీ,
నీ లైసెన్సు కాగితం కలెక్టరేట్లో
ఇంకా మూడు బల్లలు దాటాలి."

నేను బందరు బస్సులో కండక్టర్ని.
కుడిచెయ్యి టిక్కెట్లు కొడుతుంది, చిల్లర లేదంటుంది.
ఎడమచెయ్యి తొమ్మిదేళ్లుగా పైకడ్డీ వదల్లేదు.
కంకిపాడు గతుకుల్లో, ఉయ్యూరు మలుపులో
ఊగుతూనే ఊగకుండా నిలబడటం నేర్చింది అదే.
అందుకే ఎడమతో కాలుస్తాను.
రేంజికి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నవ్వితే
నవ్వనిస్తాను.

పది సెకన్లలో ఐదు.
తేలికైనది ప్రతి గుండుకీ ముట్టె పైకెత్తుతుంది
కట్టు విప్పిన దూడలా.
దాన్ని దించి మళ్లీ నల్లచుక్క కిందికి తెచ్చేసరికి
జేబులోంచి రెండు సెకన్లు ఎవరో కొట్టేసినట్టుంటుంది.
ఉక్కుది అదరదనను.
అదిరి, బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది.
మరి అరవయ్యో గుండుకి
భుజం ఏమంటుంది?
యేసుపాదం గారు టోపీ తీసి తల గోక్కున్నారు.
పైగా రెండు చీటీలు పాడినా
ఇంకా నలభై వేలు తక్కువ.

మా నాన్న ఆటోనగర్లో లేత్ వీరరాఘవులు.
తుపాకీ అంటే ఆయనకి పోలీసే.
అంతా విని
"ఉక్కంటే ఏ ఉక్కు?" అన్నాడు.
తెలీదన్నాను.
"బరువెంత?"
అది తెలుసు. కిలో నూట నలభై.

మూడోరోజు రాత్రి
విరిగిన లారీ యాక్సిల్ ముక్క కోసి, తరిగి,
వన్‌టౌన్ వెండికొట్టు కాటా మీద తూచి,
వెంట్రుకంత ఎక్కువుందని మళ్లీ తరిగి,
పాత లుంగీలో చుట్టి తెచ్చాడు.
కటింగ్ ఆయిల్ వాసన.
పిడి లేదు, గొట్టం లేదు, వట్టి కడ్డీ.
"ముందు దీన్ని పట్టుకు నిలబడు.
కొనడం తర్వాత."

మే నెల. కృష్ణలంక డాబా మీద ఐదుంబావు.
గోడ అవతల ఏట్లో నీళ్లకంటే ఇసకే ఎక్కువ.
ఎదురింటి ట్యాంకు మీద ఫోన్ నంబర్లో చివరి సున్నా
నా నల్లచుక్క.
మొదటిరోజు పంతొమ్మిదో ఎత్తుకే
సున్నా వణికి రెండు సున్నాలైంది.
బట్టలారేస్తూ అమ్మ:
"చెయ్యి దించవే, వాళ్లింటికి శాపం పెడుతున్నావనుకుంటారు."

నలభై రోజులకి అరవై ఎత్తాను.
వణకలేదని చెప్పను.
వణుకు ఎక్కడ పుడుతుందో తెలిసింది:
భుజంలో కాదు,
ఊపిరి బిగబట్టి
కాస్త ఎక్కువసేపు ఆశపడ్డప్పుడు.

ఉక్కుదే తీసుకున్నాను.
నలభై వేలకి ఆర్నెల్ల గడువిచ్చారు సామ్యేలు గారు.
కుడిచేతి చెక్కపిడి మాత్రం
స్క్రూలు విప్పి తనే ఉంచుకున్నారు.
ఇరవై రెండేళ్ల అరచెయ్యి పల్లం అందులో ఉంది.
నాకెలాగూ పనికిరాదు,
అయినా అది విప్పుతుంటే
కిటికీలోంచి బయటికి చూశాను.

జూలై ముసురు.
నా చెమట తాగిన ఫ్రేము మీద
బొటనవేలి ముద్ర, గీతలతో సహా, తుప్పై లేచింది.
నాన్న నూనెగుడ్డతో రుద్దుతూ
"ఏ ఉక్కో ఇప్పుడు తెలిసింది" అన్నాడు.
ఏ ఉక్కో చెప్పలేదు.

ఆ కడ్డీ ఇప్పుడు డాబా తలుపుకి అడ్డం.
ఏటిగాలి ఎంత తోసినా కదలదు.
రోజూ తెల్లారుజామున పైకెళ్లేముందు
దాన్ని పక్కకి పెట్టాలి,
ఎడమచేత్తో,
నిద్రమత్తులోనే.