తే

ఏడో ప్రశ్న దాకా నేను మంచివాణ్ణే.

కాశీబుగ్గ రైలు గేటు దాటి
జీడి బట్టీల పొగ వాసన పట్టుకుని పోతే
రేకుల షెడ్డు కింద ముప్పై మంది ఆడవాళ్ళు
టకటకమని పిక్క కొడుతున్నారు.
ఫారానికి పద్దెనిమిది రూపాయలు నాకు.
కిలోకి వాళ్ళకెంతో,
అది ప్రశ్నల్లో లేదు.

కుళాయి నీళ్ళొస్తున్నాయా? రోడ్డెలా ఉంది?
బళ్ళో మాస్టారు ఉంటున్నారా?
ఆరు ప్రశ్నలు,
చంటిదాని నోట్లో పెట్టేముందు ఊదిన ముద్దలు.

ఏడోది:
'అవతలాయన గెలిస్తే మీ పింఛను ఆగిపోతుందని తెలిస్తే
అప్పుడూ ఆయనకే ఓటేస్తారా?'

టెక్కలి లాడ్జిలో శిక్షణ ఇచ్చిన రోజు
చెయ్యెత్తి అడిగాను: ఆగిపోతుందా సార్?
సూపర్‌వైజరు సమోసా తుంచుతూ అన్నాడు:
'మనం చెప్పామా? అడిగాం.
అబద్ధానికి కేసుంటుంది.
ప్రశ్నకి ఏ సెక్షనుందో చూపించు.'
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పక్క మంచం మీద పొందూరు సన్యాసిరావు,
సన్నీ అని పిలిపించుకుంటాడు,
వాడిదీ అదే ప్రశ్న, పేరు మాత్రం తిరగేసి.
రాత్రిళ్ళు ఒకే ప్లగ్గులో
వంతులేసుకుని చార్జింగు పెట్టుకునేవాళ్ళం.

జుత్తు తవిటమ్మ నవ్వలేదు.
చేతులకి బూడిద రాసుకుంటూ
ఒక్కో వేలూ తిప్పి చూసుకుంది.
జీడి రసం తినేసిన వేళ్ళు,
రేషను మిషను ఆనవాలు పట్టని వేళ్ళు.
"ఆగిపోద్దా బాబూ?"
"అలా అనలేదమ్మా. తెలిస్తే... అని."
"ఎవులికి తెలిసింది?"
"ఎవరికీ కాదు. ఒకవేళ తెలిస్తే."
"ఎవులికీ తెలీనిది నాకెందుకు మోసుకొచ్చినావు?"

పిక్క మీద ఒక్క దెబ్బ వేసి
పప్పు విరగకుండా పక్కకి తీసి
"నానొకటి అడుగుతాను, నొక్కుకో నీ పలకలో.
నిన్ను తిప్పుతున్నోడు రేపు డబ్బులెగ్గొడతాడని తెలిస్తే
ఈ ఎండలో తిరుగుతావా?
అవునా? కాదా? సెప్పలేవా?"
షెడ్డంతా టకటక ఆగింది.

చీకటి పడేసరికి ఆ 'తే' గేటు దాటేసింది.
టీ బండి కుర్రాడు గ్లాసులు కడుగుతూ
"పింఛన్లు ఆగిపోతాయట కదన్నా" అన్నాడు.
ఎవరన్నారు?
"సర్వే వోళ్ళే అడిగినారట. ఊరికే అడుగుతారేటి?"

'తే' కాస్తా 'అట' అయింది.
మా తెలుగు మాస్టారు చెప్పని సంధి,
తొమ్మిది గంటలు కూడా పట్టలేదు.

వారం తిరక్కుండా పేపర్లో రంగుల చక్రం.
మనసు మార్చుకుంటామన్నవాళ్ళు నలభై మూడు శాతం.
అంచున సన్నగా బూడిదరంగు ముక్క ఒకటి,
ఆరు శాతం: 'చెప్పలేను'.
తవిటమ్మని అందులోనే వేశాను.
ఇంకో గడి లేదు.
అన్నిటికంటే ఎక్కువ చెప్పినవాళ్ళంతా
అక్కడే ఇరుక్కుని ఉన్నారు.

నాకింకా రెండువందల పదకొండు ఫారాల డబ్బు రావాలి.
సూపర్‌వైజరుకి ఫోను చేస్తే ఎత్తడు.
మొన్న ఆ షెడ్డు ముందునుంచి పోతూ
తల అటు తిప్పుకున్నాను.
లోపల టకటక
ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది.