ఉప్పునీళ్ళు

ఐయోవాలో జనవరి.
ఫ్రిజ్‌లో చోటు లేదు,
చర్చి వాళ్ళు తెచ్చిన గిన్నెలింకా ఖాళీ కాలేదు.
అందుకే ఓరిన్ వెనక వరండాలో పెట్టాడు ఎనామిల్ గిన్నెని:
లీటరు నీళ్ళకి మూడు చెంచాల ఉప్పు,
కాస్త నల్ల చక్కెర, ఆరు మిరియాలు, చితక్కొట్టిన వెల్లుల్లి,
అడుగున ఎముకతో రెండు పందిమాంసం ముక్కలు.

రెండెందుకని అడగలేదు కొట్లో పిల్ల షెర్స్టి.
కాగితంలో చుట్టిస్తూ
"రాత్రంతా నాననివ్వు, పెద్దాయనా" అంది, అంతే.

నలభై మూడేళ్ళు
లవాన్ వేయించిన ముక్కలు నమిలాడతను.
పంది మాంసంలో పురుగుంటుందని
వాళ్ళమ్మ పెట్టిన భయం
ప్రతిసారీ ఇంకో పది నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడేది.
చెప్పు అట్టని ఆపిల్ గుజ్జులో ముంచుకుని
"బావుంది" అనేవాడు.
నమ్మిందో లేదో.

అర్ధరాత్రి లేచి చూశాడు.
పిట్టల తొట్టి రాయైపోయింది.
గిన్నెలో నీళ్ళు మాత్రం
వేలు పెడితే కదిలాయి.

మర్నాడు నీళ్ళొంపి, గుడ్డతో అద్ది,
వెన్నలో ఒక ముక్క,
అటు నాలుగు నిమిషాలు, ఇటు నాలుగు.
కాసేపు ఆగాడు, ఆగాలన్నారు గనక.
కత్తి తనంతట తనే దిగింది.
లోపల లేత గులాబీ. పళ్ళెం నిండా రసం.

మొదటి ముద్ద మింగి
దొంగలా గుమ్మం వైపు చూశాడు.
ఎవరి చేతి ఉప్పు తిని బతికాడని!

రెండో ముక్క పెనం మీద వేశాడు.
అంచులు మాడి
ఆ పాత వాసన వచ్చేదాకా కదల్లేదు.
గుజ్జు సీసా అందుకున్నాడు.
ఆమె బిగించిన మూత.
ఎంత తిప్పినా
రాలేదు.