పొలమారింది

శనివారం పంటు దిగుతూ
కొంగు చివర ఒక ముడి వేసుకున్నాను.
ఎందుకు వేశానో
దీపాల వేళకి మర్చిపోయాను.

ఉప్పుకా? ఉప్పుంది.
లేసు షావుకారు ఇవ్వాల్సిన పదకొండు డజన్ల డబ్బుకా?
అది ముడి లేకపోయినా గుర్తుండేదే.
చిన్నదాని పరీక్ష ఫీజుకా, గేదె మందుకా,
తెల్ల దారం ఉండకా...
ఒక్కొక్కటే అడిగి చూశాను.
ముడి నోరు విప్పలేదు.

"గుర్తు రాకుండా విప్పకే అమ్మాయ్" అనేది మా అత్త దీనమ్మ,
"ముడికి అవతల ఎవరో ఉంటారు."
అందుకని ఆదివారం తెల్లచీర కట్టినప్పుడు
పాత చీర ముడి అలాగే ఉంచి
దీని కొంగుకి మరొకటి వేశాను,
తెలియని బాకీకి వడ్డీ కట్టినట్టు.

మందిరంలో చాపలు. ఎడమవైపు మేము.
గోడలకు ఏటా సున్నం వేస్తారు గానీ
ఎనభయ్యారు వరద గీత మీద కుంచె పెట్టరు.
నిలబడితే నా భుజం దగ్గరుంటుంది,
కూర్చుంటే తల మీదుగా పోతుంది.
దాని కింద కూర్చునే
ప్రతి వారం ఎండిన నేలకు స్తోత్రం చెబుతాం.

ముసుగేసుకుంటే ముడి చెవి పక్కన వేలాడింది.
జెకర్యాగారి ప్రార్థన చాలా పొడుగు,
నా మనసు గేదె దగ్గరికెళ్ళి వచ్చింది.
అప్పుడనిపించింది:
తెల్లారితే చంపుతారని తెలిసిన రాత్రి
ఆయన చేసిందీ ఇదే కదా.
వీళ్ళు మర్చిపోయే రకమని తెలుసు.
ఆ పన్నెండు మందీ ఎంత, మేమెంత.
అందుకే రొట్టెతో ఒక ముడి వేసి వెళ్ళాడు,
ఆకలేసినప్పుడల్లా చేతికి తగిలేట్టు.

గిన్నె సువార్తమ్మ పెదాలు దాటి నాకొచ్చింది.
ఒక్క గుక్క.
అడ్డం తిరిగింది.
కళ్ళ నీళ్ళు, ముక్కు మంట,
మందిరమంతా నిశ్శబ్దం, నా దగ్గు ఒక్కటీ.
సువార్తమ్మ నడినెత్తి మీద రెండు చరిచి
"ఎవరో తలుచుకుంటున్నారే" అంది, గొణిగినట్టు.

ఆ దెబ్బకి ముడి నోరు విప్పింది.

రాహేలు.
పంటు మీద, రెండు సైకిళ్ళ మధ్య నిలబడి,
ఎండుచేపల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని
వశిష్ఠ వైపు చూస్తూ అంది:
"రేపు గిన్నె నీ చేతికొచ్చినప్పుడు
ఒక్కసారి నన్ను తలుచుకో వదినా."

తాళి కట్టని మనిషితో ఉంటోందని
మూడేళ్ళ కింద బల్లకు దూరం పెట్టాం.
పెట్టారు అనబోయాను.
పెట్టాం.
ఎత్తిన చేతుల్లో ఒకటి నాది.
ఇప్పుడు లేసు అల్లేదీ, ఇందాక రొట్టె తుంచిందీ
ఆ చెయ్యే.
మర్చిపోయానా,
మర్చిపోతే బాగుండుననుకున్నానా?
సిలువ మీద ఆఖరి గంటలో
ఒక దొంగ అడిగిందీ ఇంతే.
వాడికి జవాబు వెంటనే దొరికింది.

కూడిక అయ్యాక ఇంటికెళ్ళి
వంకాయ ఎండురొయ్యల కూర, అన్నం క్యారేజీలో సర్ది
రెండింటి పంటు ఎక్కాను.
ఎందుకెళ్తున్నావని చిన్నది అడిగితే
బాకీ తీర్చడానికన్నాను.

సఖినేటిపల్లి రేవు దాటాక మూడో సందు.
రాహేలు గడపలో కూర్చుని చేపలు ఏరుతోంది.
నన్ను చూసి చేతులు కడుక్కుంది, రెండుసార్లు.
తలుచుకున్నానని చెబుదామని
దారంతా మాట కూర్చుకున్నాను.
ముందు అదే అంది:
"ఇందాక పదకొండున్నరకి,
గిన్నె ఆడవాళ్ళ వైపు వచ్చుంటుంది,
మొదట సువార్తమ్మ పిన్ని, తర్వాత నువ్వు,
తర్వాత కీర్తనమ్మ, అని
వరసగా అందరినీ తలుచుకుంటూ కూర్చున్నానొదినా."

నేనేమీ అనలేదు.
క్యారేజీ కింద పెట్టి, కొంగు ముడి పట్టుకున్నాను.
గట్టిగా బిగిసింది.
పళ్ళతో లాగాల్సొచ్చింది.

ఇంటి దగ్గర పాత చీరకి ఇంకొకటుంది.
దాన్ని ఉండనిస్తాను.