చెంబెడు నీళ్ల పద్దు

పోయిన ఆదివారం మా రేకుల మందిరంల కోతల పండుగ.
లెక్క రాసే పని నాది, పదకొండేండ్ల సంది.
ఎర్ర అట్ట నోటుబుక్కు, దారంతోటి కట్టిన పెన్ను.
గుమ్మడికాయ: నూట ఇరవై.
సంచెడు కందులు: పన్నెండు వందలు, సగం బాకీ.
నాటుకోడి పెట్ట కాలి తాడు తెంపుకొని
ప్రసంగాల బల్ల కిందికి దూరింది.
పిలగాడు తీతు మోకాళ్ల మీద పాకి పట్టుకునేదాక
వేలం ఆగింది.

ఈయేడు అర్పణల బల్ల మీద సందు ఎక్కువున్నది.
పత్తిని గులాబిపురుగు తిన్నది.
ఆరువందల ఫీట్లు దించిన బోర్ల నుంచి
తెల్లటి దుమ్ము లేసింది, పిండి జల్లించినట్టు.
దేవరకొండ బస్సుల ఎవరి ఫోను చూసినా
ఏదో ఒక దేశం కాలుతున్నది.

మా తమ్ముడు ఎజ్రా పోయి మూడేండ్లు.
పూణెల తొమ్మిదో అంతస్తు, తాడు లేని పరంజ.
మేస్త్రి పంపిన సంచిల రెండంగీలు, టిఫిను డబ్బ,
డబ్బ అడుగున ఎండిన మామిడి తొక్కు.
అమ్మ ఆ డబ్బను ఇంకా కడగలే.

అప్పటి సంది
దేవుడు ఏలుతుండని సంఘమంతా లేచి పాడుతుంటె
నేనూ లేస్త, నోరు తెరవ.
లెక్క రాసెటోనికి
కూడిక యాడ తప్పిందో కనపడతది గద.

అన్నీ అమ్ముడుపొయినంక వచ్చింది ఎల్సమ్మ.
మోకాళ్లు రెండు పక్కలకు విల్లులోలె వంగినయి,
మా ఊరి బాయినీళ్లు నలభై యేండ్లు తాగిన గుర్తు.
ఒక చేతుల కట్టె, ఒక చేతుల ఇత్తడి చెంబు,
చెంబు మీద కొంగు.
ఏం తెచ్చినవవ్వా అంటె కొంగు తీసింది.

నీళ్లు.

"ఇయ్యాల పొద్దుగాల నల్లా తిప్పంగనే పడ్డ మొదటి ధార.
కృష్ణ నీళ్లు బిడ్డా.
మా అమ్మ ఇవి చూడకుంటనే పొయింది.
నా ఎముకలైతే చూసినయి, జర ఆలిశంగ.
తొలిపంట ఆయనది అంటరు గద,
నాకు గుంటెడు భూమి లేదు. ఇదే నా పంట."

ఎనుక వరుసల ఎవరో కిసుక్కుమన్నరు.
పెద్దమనిషి నతానియేలు మాత్రం
చెంబును రెండు చేతుల లేపిండు, కందుల సంచి లేపినట్టే.
"ఎవరిది పాట?"
కరెంటు లేదు. రేకులు కాలుతున్నయి.
"ఎవరిది పాట?"
నీళ్లకు ఎంతని పాడతరు?

గప్పుడే తీతు,
కోడిని ఉరికిచ్చి ఉరికిచ్చి చెమటతోటి తడిసినోడు,
నతానియేలు చేతులనుంచే చెంబు వంచుకొని
గటగట తాగిండు.
వాళ్లమ్మ కొట్టతందుకు చెయ్యెత్తింది.
ఎల్సమ్మ కట్టె అడ్డం పెట్టింది.
"తాగనియ్యి. తీసుకునెటాయన తీసుకున్నడు."

ప్రభువా,
నీ సింహాసనం చాన ఎత్తుల ఉంటదని
ఇన్నేండ్లు మెడలు నొయ్యంగ పైకి చూసిన.
ఆ పిలగాని గొంతుల గుటక దిగుతుంటె చూసిన,
అది కిందికే దిగుతున్నది.
నీ ఏలుబడి నాకు సమజ్ కాలే.
ఎజ్రా లేడు, కాలే దేశం కాలుతనే ఉన్నది,
ఆ పరంజ మీద ఇంకెవరి తమ్ముడో నిలబడ్డడు.
దీన్నంత నీతోటి తేల్చుకునేది ఉన్నది నాకు.
అయినా ఎల్సమ్మ నడిచొచ్చింది చూడు,
నల్లా కాడి నుంచి మందిరం దాక,
ఆ కాళ్లతోటి, ఒక్క చుక్క ఒలకకుంట.
అందుకు.

నోటుబుక్కుల "చెంబెడు నీళ్లు" అని రాసిన.
ధర కాడ పెన్ను శానసేపు ఆగింది.
"స్తోత్రం" అని రాసిన.
నోటితోటి అనలే, రాసిన.
లెక్కలు చూసేటప్పుడు పాస్టరయ్యగారు అడుగుతడు.
అడగనీ.

చెంబు మందిరంల మరిచిపొయింది ముసల్ది,
మా ఇంట్ల ఉన్నది.
ఒట్టి చెంబు తిరిగి ఇయ్యొద్దంటది మా అమ్మ.
రెండు దినాలాయె,
దాంట్ల ఏం పోసి ఇయ్యాల్నో తోస్తలేదు.