మూడు వేళ్ల దూరం

తొంకాది లాస్తొవొ దీవి. ఎనిమిదేళ్లు.
నాన్న ఫెర్రీలో తాళ్లు విసిరే మనిషి.
యూగో గాలి లేచి బల్లలు అటూ ఇటూ జారే రోజున
పెద్దవాళ్లంతా సంచుల్లోకి తలలు దించుకుంటే
పై అంతస్తులో కమ్మీ పట్టుకుని
రొట్టె తింటూ నిలబడ్డ పిల్ల.
ఆ సంగతి తనే చెప్పింది నాకు,
నీలం గిన్నెలోంచి తలెత్తి, కాస్త గొప్పగా,
మళ్లీ దించేలోపు.

స్ప్లిట్ ఆసుపత్రి, నాలుగో అంతస్తు.
మంచం కదలదు, చక్రాలకు తాళం వేశారు.
అయినా గది ఊగుతూనే ఉంది ఆ పిల్లకి.
పైన వేలాడే సంచిలో మందు
దానిమ్మ రసం రంగు.
ఇక జన్మలో దానిమ్మ ముట్టనంది.

నేనూ డాక్టర్నే. పిల్లలకు మాత్రం సూదుల పిన్నిని.
సూది అన్న మాట వినపడితే చాలు
ఈ వార్డులో చేతులన్నీ దుప్పట్ల కిందికి పోతాయి.
వాళ్లెరిగిన సూదులు వేరు:
నరం దొరక్క వెతుక్కునేవి,
వెన్నులోకి దిగేవి,
ఒక్క క్షణమేనని అబద్ధమాడేవి.
నాది వెంట్రుకంత. లోపల మందు లేదు.
"మరేముంది?"
ఏమీ లేదన్నాను.
చాలాసేపు నా ముఖంలోకి చూసింది.
ఏమీ లేనిదాన్ని
ఈ భవనంలో ఎవరూ ఇచ్చి ఉండరు తనకి.

మణికట్టు ముడత మీద ఉంగరపు వేలు ఆనించు.
మూడు వేళ్లూ పక్కపక్కనే పెట్టు.
నీవే. నావి కాదు.
నా వేళ్లతో కొలిస్తే నీ చేతి మీద దారి తప్పుతాను.
కొలిచింది, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని.
చూపుడు వేలి అంచున,
తోలు కింద బిగిసిన రెండు తాళ్ల నడుమ
చిన్న గుంట.
నా జేబులోని పెన్ను లాక్కుని
తనే చుక్క పెట్టుకుంది,
మ్యాపులో వాళ్ల దీవి ఉన్నంత చుక్క.

"ముందు అమ్మకి."

అమ్మ పేరు దోరిత్సా. స్వెటర్ చెయ్యి పైకి లాక్కుంది.
నేను కొలవకముందే
తన బొటనవేలు సరిగ్గా అక్కడే పెట్టింది.
"ఈ చోటు నాకు తెలుసు డాక్టర్.
ఇది నా కడుపులో ఉన్నప్పుడు
ఒకటే వేవిళ్లు.
చూపించుకోడానికి వచ్చిన ప్రతిసారీ నాలుగున్నర గంటల సముద్రం.
మా అత్తగారు పక్కన కూచుని
ఇక్కడే నొక్కి పట్టుకునేది,
పేరూ ఊరూ తెలియకుండానే."

తొంకా గిన్నె పక్కన పెట్టింది.
"అంటే అప్పుడు నిన్ను వాంతి చేయించింది నేనా?"
"నువ్వే."
"ఎన్నిసార్లు?"
"లెక్కుందా!"
ఆ నవ్వులో ఉండగా సూది దిగింది.
ముగ్గురం చూడలేదు, నాతో కలిపి.

అద్భుతమని రాయను.
నర్సు కాగితం మీద నిన్న ఏడు, ఇవాళ నాలుగు.
తగ్గిన మూడింట్లో
మాత్ర వాటా ఎంత, సూదిదెంత,
అమ్మ గుట్టు బయటపడ్డ సంబరానిదెంత,
నన్నడిగితే తెలీదు.
ఆ నాలుగూ మాత్రం నిజం.
నేనే పట్టుకున్నాను గిన్నె, రెండుసార్లు.

గురువారం రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి.
ఇవాళ సూది వద్దమ్మా అని చెప్పడానికి
గుమ్మం దగ్గర మాటలు కూడదీసుకుంటుంటే
తనే అంది,
"అందులో ఏమీ లేదన్నావుగా పిన్నీ,
లేకపోతే ఏం?"

ఆ రాత్రి నాన్న వంతు.
తాళ్లు కోసి కోసి మొద్దుబారిన చేతులు.
ఆయన మూడు వేళ్లు వేస్తే
పిల్ల ముంజేయి సగం నిండిపోయింది.
"నీవి కాదు నాన్నా, నావి," కసిరింది.
కొలత తను వేసింది, బొటనవేలు ఆయన పెట్టాడు.
గట్టిగానా? మెల్లగానా?
"పడవ కట్టినట్టు కాదు. పడవ వస్తున్నప్పుడు
తాడు పట్టుకుంటావే, అలా."

డ్యూటీ మారేటప్పుడు తొంగిచూశాను.
రేవులో తొలి ఫెర్రీ కూత వేసింది.
ఆయన కూచునే నిద్రపోయాడు,
బొటనవేలు మాత్రం తీయలేదు.
పిల్ల మెలకువగా ఉంది.
ఉడికిన బంగాళదుంప కావాలంది,
పైన ఆలివ్ నూనె, ఉప్పు.
సగం తింది.

గిన్నె మంచం కిందే ఉంచాం.