నెపం నీళ్ళ మీద

మర్రిగూడ దిక్కు దవఖానల
ఏ బొక్క వంకరైనా నెపం నీళ్ళ మీదికే పోతది.
ముసలోళ్ళ వంగిన నడుములు,
పిల్లల పండ్ల మీది గోధుమ గీతలు,
ఫ్లోరైడ్ ఫ్లోరైడ్ అని రాసి రాసి
నా చెయ్యికి అలవాటైంది.

ఆషాఢంల సైదులుకు కూడ అట్లనే రాసిన.
"మంచం మీదికెళ్ళి పడ్డడు మేడం" అన్నడు చిన్నాయిన.
ఈడి బొక్కలింతే అనుకున్న.
చెయ్యికి కట్టు కట్టి, కాల్షియం గోలీలిచ్చి తోలిన.

ఇయ్యాల మళ్ళొచ్చిండు.
ఆరేండ్లు. జరమంట.
ఎక్కడ నొస్తుందో కూడ చిన్నాయినే చెప్తుండు.
సూది పొడిస్తే ఏడ్వలే.
గుండె చూద్దామని స్టెత్తు ఎత్తితే
మొఖానికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నడు.

అంగీ లేపిన.
చార్జర్ వైరు మడత పెట్టి కొట్టిన అచ్చులు,
కొన్ని అల్లనేరేడు రంగు, కొన్ని పసుపు,
ఒకటి మానిపోయి తెల్లగ.
నీళ్ళకు ఇన్ని తారీఖులుండయి.

"ఆధార్ జిరాక్స్ కావాలె, బస్టాండ్ దాక పోయిరా" అన్న.
జిరాక్స్‌తోని నాకేం పని లేదు.
ఎస్తేరు సిస్టర్ తలుపు దగ్గరికేసింది.

ఎవరు కొట్టిన్రని అడగలే.
"రాత్రి ఇంట్ల ఏమైతది బిడ్డా" అన్న, అంతే.
మస్తు సేపు బీపీ మిషన్ బుంగ పిసుకుతనే ఉన్నడు.
"అమ్మకు చెప్పకు.
పత్తి ఏరొచ్చి మళ్ళ ఏడుస్తది."

చెప్పనని మాటియ్యలే.
నోటి దాకొచ్చింది, మింగిన.

పది తొంభై ఎనిమిదికి ఫోన్ కలిపిన.
అవతలి గొంతు పేరడిగింది, ఊరడిగింది,
"పిలగానికి మీరేమైతరు" అనడిగింది.
డాక్టర్ని అని చెప్పనీకె
కొంచెం సేపు పట్టింది.

ఓపీ రిజిస్టర్ల పాత పేజీ తీసిన.
నా చేతిరాతే, సాఫ్‌గ, గుండ్రంగ:
మంచం మీదికెళ్ళి పడ్డడు.
కొట్టేద్దామని పెన్ను పెట్టి ఆగిన.
రేపు అడిగెటోళ్ళు అది కూడ చూడాలె.
కొత్త పేజీల చిన్న వీపు బొమ్మ గీసి
స్కేలు పెట్టి కొలిచి రాసిన,
ఏది ఎంత పొడుగు, ఏది ఏ రంగు.
బొమ్మ సరిగ రాలే. మళ్ళ గీసిన.

చిన్నాయిన జిరాక్స్ తెచ్చిండు.
ఎందుకైనా మంచిదని రెండు తెచ్చిండు.
"ఇగ తోల్కపోవన్నా మేడం?"

ఎస్తేరు సిస్టర్ గడపల స్టూలేసుకొని కూసుంది,
ఒడిల మందుల డబ్బా, లెక్క పెడుతున్నట్టు.
బయట ఏ బండి చప్పుడైనా
నేను కిటికీల నుంచి చూస్తున్న.
సైదులు బుంగ ఇంక ఇడువలే.