ఒకటి చుక్క పది

షువైఖ్‌లో రాత్రి రెండున్నర.
పొయ్యిలోంచి ఖుబ్జ్ రొట్టెలు
బుగ్గలు పూరించుకుని బెల్టు మీద వస్తున్నాయి.
వాటికి తేదీ కొట్టే ప్రింటరు మాత్రం
నోట్లో కాగితం పెట్టుకుని గమ్మునుంది.

తెర మీద ఒకే ఒక్క వాక్యం:
కావలసింది 1.9, ఇక్కడున్నది 1.10 మాత్రమే.

మాత్రమే అట!
నిన్న సాయంత్రమే కొత్త మాడ్యూలు తెచ్చి వేశాను.
తొమ్మిది దాటి వచ్చిన పదిని పట్టుకుని
ఎంత మాటంది.
తీసేశాను, మళ్లీ వేశాను.
పాతది ఏ ఫోల్డరులోనో నక్కి
ముందుగా పలుకుతోందేమోనని
దారులన్నీ వెతికించాను.
లేదు. ఉన్నదొక్కటే,
ఆ కొత్తదే, ఆ చాలనిదే.
స్క్రిప్టులో ఈ షరతు పెట్టిన జార్జికుట్టి
రెండేళ్ల కిందటే మస్కట్ వెళ్లిపోయాడు.
కుర్చీకి అతని మెడదిండు ఇంకా వేలాడుతోంది.

ఫోర్‌మన్ గాజుతలుపు అవతల నిలబడి
రెండు చేతులూ రెండుసార్లు విప్పి చూపించాడు:
వ్యాన్లకు ఇరవై నిమిషాలు.

సులేమానీ చాయ్ పట్టుకుని మస్తాన్ వలి వచ్చాడు,
రాయచోటి మనిషి, కనుబొమ్మల దాకా పిండి.
"ఏంది పాపా, అలిగిందా?"
"తొమ్మిది కావాలంటది, పదిస్తే తక్కువంటది అన్నా."
వంగి తెర చూశాడు.
"ఒకటో బండి, పదో ట్రే.
తొమ్మిదో దాని తర్వాతదే గదా. తక్కువెట్లయితది?"

ట్రే.
అద్దంలోంచి బండ్ల వైపు చూశాను.
పదకొండేళ్లుగా అతని సుద్దరాత,
ప్రతి ట్రే అంచునా: 1.8, 1.9, 1.10, 1.11.
మూడో తరగతితో బడి మానేసినవాడు,
దశాంశాల పాఠం దాకా రాలేదు.
నేను వచ్చాను. ఈ స్క్రిప్టూ వచ్చింది.
చుక్క తర్వాత చివరి సున్నాకు విలువ లేదని
ఇద్దరం బుద్ధిగా నేర్చుకుని
పదిని ఒకటి చేసి కూర్చున్నాం.

ఆ వరుసలో అంకె ముందు చిన్న వి అక్షరం పెట్టాను,
వెనక ఇంకో చుక్క, ఒక సున్నా.
రెండు చుక్కలుంటే
అది దశాంశమని ఎవరూ అనుకోరు.

ప్రింటరు దగ్గింది, కాగితం మింగింది,
ఈ రోజు తేదీ కక్కడం మొదలుపెట్టింది.
తేదీ లేకుండా జారిపోయిన నలభై పొట్లాలు
షిఫ్టువాళ్లం చాయ్‌లో ముంచుకు తిన్నాం.

థాంక్స్ చెబుదామని చూస్తే
మస్తాన్ వలి బండ్ల దగ్గరున్నాడు.
ఒకటి రాసి, చుక్క పెడుతున్నాడు.
చుక్క దగ్గర సుద్దను రెండుసార్లు నొక్కుతాడు,
ఆవిరికి చెరిగిపోకుండా.